రస్ట్‌లో రెండు గదుల స్టోన్ బేస్: సల్ఫర్ లెక్క వేసుకుని కట్టడం ఎలా

రస్ట్ అనే ఆన్‌లైన్ సర్వైవల్ గేమ్‌లో బేస్ (ఆటగాళ్లు కట్టుకునే ఇల్లు) గురించి ఆటగాళ్ల వాదన ఎక్కడ మొదలైనా చివరికి గోడల దగ్గరికే చేరుతుంది: ఎన్ని పొరలు, ఎంత మందం, స్టోనా మెటలా అని. రైడ్‌కి, అంటే బేస్ పగలగొట్టి దోచుకోవడానికి, వచ్చినవాడి లెక్క వేరు. ఏ దారిన వెళ్తే తక్కువ సల్ఫర్‌తో (పేలుడు సామాను తయారీకి వాడే సరుకు) పెట్టెల దాకా చేరొచ్చో అదొక్కటే వాడు చూస్తాడు. అందుకని కట్టేవాళ్లు కూడా అదే లెక్కతో కట్టాలి. బేస్‌లో అన్నిటికన్నా చవకైన దారి ఏదో కనిపెట్టి ముందు దాని ఖరీదు పెంచండి. అప్పుడు ఇంకొకటి చవకదారి అవుతుంది, దాని సంగతి చూడండి. ఒంటరిగానో ఇద్దరుగానో ఆడేవాళ్లకు 2×1 బేస్ మీద ఈ పద్ధతి ఎలా నడుస్తుందో కింద పూర్తి లెక్కతో ఉంది.

ఆట 2018 ఫిబ్రవరిలో పూర్తిస్థాయిలో విడుదలైంది. ఆ తర్వాత కూడా నెలనెలా అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. ప్రతి నెలా మొదటి గురువారం ఫోర్స్ వైప్ (సర్వర్లలో కట్టినవన్నీ చెరిగి ఆట కొత్తగా మొదలవడం) ఉంటుంది, ఆ రోజు ఖర్చులు కూడా మారొచ్చు. ఇక్కడి అంకెలు మామూలు వెనిల్లా సర్వర్లకు చెందినవి. నియమాలు మార్చిన మాడెడ్ సర్వర్‌లో ఆడుతుంటే క్రాఫ్టింగ్ మెనూలో ఒకసారి సరిచూసుకోండి.

ముందు కట్టాల్సింది

చదరపు ఫౌండేషన్లు రెండు, పక్కపక్కన. ముందు గది గుమ్మం ఎటు వస్తుందో అటు ఒక త్రికోణం ఫౌండేషన్, ఇది ఎయిర్‌లాక్, అంటే రెండు తలుపుల మధ్య చిన్న గది. వెనక గది లూట్ రూమ్, సామాను పెట్టెలుండేది. మొత్తం మీద ఫౌండేషన్లు మూడు, గోడలు ఆరు (చదరాల చుట్టూ ఐదు, ఎయిర్‌లాక్‌కి ఒకటి), గుమ్మాలు మూడు (ఎయిర్‌లాక్ బయటిది, ముందు గదిది, రెండు గదుల మధ్యది), పైకప్పులు మూడు. అంటే సరిగ్గా 15 బ్లాకులు.

ఈ 15 అనే అంకెకు విలువుంది. అప్‌కీప్‌లో (బేస్ క్షీణించకుండా రోజూ పోయే సరుకు) మొదటి 15 బ్లాకులకు రోజుకు వాటి ఖర్చులో 10 శాతమే పోతుంది. తర్వాతి 50 బ్లాకులకు 15 శాతం, ఆ పైన 125కి 20 శాతం, ఇంకా పెరిగితే మూడో వంతు. రోజంతా ఆడే తీరిక లేనివాళ్లు ఈ మొదటి మెట్టు దాటే ముందు బాగా ఆలోచించాలి.

స్టోన్‌లో ఖర్చు ఇలా పడుతుంది. చదరపు ఫౌండేషన్‌కి 300 చొప్పున 600, త్రికోణానికి 150. గోడకు 300 చొప్పున 1,800. గుమ్మానికి 210 చొప్పున 630. పైకప్పు చదరానికి 150 చొప్పున 300, త్రికోణానికి 75. మొత్తం 3,555 స్టోన్, దాని మీద రోజుకు సుమారు 355 అప్‌కీప్. వుడ్ విషయానికొస్తే ట్విగ్ దశలో (మొదట పుల్లలతో వేసేది) ఈ ఆకారానికి 600 దాకా, టూల్ కబోర్డ్‌కి (అప్‌కీప్ సరుకు వేసే, చుట్టూ వేరేవాళ్లు కట్టకుండా ఆపే అల్మారా) 1,000, హ్యామర్‌కి 100, బిల్డింగ్ ప్లాన్‌కి 20 పడతాయి. స్టోన్ గొడ్డలి, స్టోన్ పికాక్స్ ఒక్కోదానికి 200 వుడ్, 100 స్టోన్. చెట్టు మీద కనిపించే ఎక్స్ గుర్తు మీద, నోడ్ (తవ్వే బండ) మీద మెరిసే చోట కొడితే సరుకు త్వరగా చేతికొస్తుంది. ఆ మెరుపు ప్రతి దెబ్బకూ జరుగుతుంటుంది, దాని వెంటే తిరుగుతూ కొట్టాలి.

కట్టే వరుస కూడా ముఖ్యమే. ముందుగా మూడు ఫౌండేషన్లూ ట్విగ్‌లో వేసి చూడండి. నేల వాలుగా ఉంటే త్రికోణం దగ్గరే ఇబ్బంది వస్తుంది, అది గోడలన్నీ లేపాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఆకారం కుదరగానే టూల్ కబోర్డ్ వెనక గదిలో పెట్టి ఆథరైజ్ అవండి, అంటే కట్టే హక్కు మీ పేర నమోదు చేసుకోండి. ట్విగ్ గోడ బలం 10 మాత్రమే, దారిన పోయేవాడు చేతిలో ఏదుంటే దానితో కొట్టేస్తాడు. కాబట్టి గోడలన్నీ లేపి ఆ తర్వాత అప్‌గ్రేడ్ చేద్దాం అనుకోకండి. వెనక గదిని పూర్తిగా స్టోన్ చేసి తలుపు బిగించాకే ముందు గదికి రండి.

గోడ వేసేటప్పుడు లోపలి వైపు, బయటి వైపు గమనించండి. స్టోన్ గోడకు ఒక వైపు మెత్తన. అది బయటికి తిరిగితే పేలుడు సామాను అక్కర్లేదు, రెండు మూడు పికాక్స్‌లు, కాస్త ఓపిక ఉంటే లోపలికి వచ్చేస్తారు. హ్యామర్‌తో గోడను తిప్పే అవకాశం పెట్టిన తర్వాత 10 నిమిషాలు మాత్రమే. ఒక్కో గోడా లేపగానే బయటికెళ్లి చూసి రావడం మంచిది.

గుమ్మమా, ఫ్రేమా?

కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. గ్యారేజ్ డోర్ మామూలు గుమ్మంలో పట్టదు, గోడంత వెడల్పు ఖాళీ ఉండే వాల్ ఫ్రేమ్‌లోనే పడుతుంది. గుమ్మాన్ని ఒకసారి స్టోన్ చేసి 10 నిమిషాలు దాటితే దాన్ని తీయడానికి మీ బేస్‌ని మీరే పేల్చుకోవాలి. అందుకే గ్యారేజ్ డోర్ చేతిలో లేకపోయినా ముందు గది ప్రవేశానికి, గదుల మధ్యకు మొదటి రోజే ఫ్రేములు పెట్టండి. అప్పటిదాకా వాటిలో షీట్ మెటల్ డబుల్ డోర్ నిలుస్తుంది. ఎయిర్‌లాక్ బయటి గుమ్మం మాత్రం మామూలుదే ఉండనివ్వండి. గ్యారేజ్ డోర్ పైకి లేవడానికి సమయం తీసుకుంటుంది. వెనక ఎవరో తరుముతుంటే ఆ ఆలస్యం బయటి తలుపు దగ్గర పనికిరాదు.

ఫ్రాగ్స్ (మెటల్ ఫ్రాగ్మెంట్స్) లేనప్పుడు 300 వుడ్‌తో చెక్క తలుపు, 75 వుడ్‌తో కీ లాక్ పెట్టుకోవచ్చు. కీ లాక్ పెట్టినవాళ్లు ఒక్క తాళంచెవి కూడా చేయకుండా ఉంటే తలుపు వాళ్లకు మాత్రమే తెరుచుకుంటుంది. చెవి చేశారంటే ఆ సౌకర్యం పోతుంది, పైగా చెవి జేబులో ఉండగా చస్తే చంపినవాడి చేతికి ఇల్లే వెళ్తుంది. ఒంటరిగా ఆడేవాళ్లు చెవి చేయకండి. ఇద్దరుంటే 100 ఫ్రాగ్స్ పెట్టి కోడ్ లాక్ పెట్టుకోండి. నాలుగు ఒకే అంకెలు, పుట్టిన సంవత్సరం లాంటివి మాత్రం వద్దు, ఎవరైనా మొదట నొక్కి చూసేవి అవే.

ఎయిర్‌లాక్ వాడే పద్ధతి ఒకటే: రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. బయటిది తీసి త్రికోణంలోకి వచ్చి, అది మూసి, అప్పుడు లోపలిది. గోడ పక్కన నక్కి కూర్చున్నవాడు మిమ్మల్ని బయటి తలుపు దగ్గర చంపినా వాడికి దక్కేది ఒంటి మీది సామాను మాత్రమే.

ఇప్పుడు సల్ఫర్ లెక్క

కొలబద్దగా శాచెల్ (సంచి బాంబు) తీసుకుందాం, మొదటి రోజుల్లో రైడ్‌లు ఎక్కువగా దానితోనే జరుగుతాయి. ఒక్కో శాచెల్‌కి 480 సల్ఫర్. స్టోన్ గోడకు (బలం 500) 10 శాచెల్స్, షీట్ మెటల్ గోడకు (1,000) 23, షీట్ మెటల్ తలుపుకు (250) 4, గ్యారేజ్ డోర్‌కి (600) 9 పడతాయి.

మన బేస్‌లో మొదట మూడు చోట్లా షీట్ మెటల్ తలుపులే ఉన్నాయనుకోండి. తలుపుల దారిన లూట్ రూమ్‌కి చేరాలంటే 12 శాచెల్స్, 5,760 సల్ఫర్. వెనక గది గోడను నేరుగా పేలిస్తే 10 శాచెల్స్, 4,800. అంటే మూడు తలుపులు పెట్టేసరికి బలహీనమైనది గోడే అయింది. సీ4 అనే ఇంకో బాంబుతో లెక్కేసినా అంతే: తలుపుల దారిన మూడు, గోడకైతే రెండు. ఈ స్థితిలో నాలుగో తలుపు పెట్టడం సరుకు దండగ.

ఇక్కడ ఆటగాళ్లు రెండు వర్గాలు. హనీకోంబ్ కట్టాలని ఎక్కువమంది అంటారు, అంటే గోడ బయట త్రికోణాలు పెట్టి ఇంకో పొర. వెనక గది మూడు వైపులా అలా కడితే మూడు త్రికోణం ఫౌండేషన్లు, ఆరు గోడలు, మూడు కప్పులు కలిపి 2,475 స్టోన్, ఇంకో 12 బ్లాకులు, అవన్నీ 15 శాతం మెట్టులో. దానికి వచ్చే ఫలితం రెండు స్టోన్ గోడలు, 20 శాచెల్స్. అదే వెనక గదిని షీట్ మెటల్ చేస్తే మూడు గోడలకు 600, కప్పుకు 100, ఫౌండేషన్‌కి 200, మొత్తం 900 ఫ్రాగ్స్‌తో ఒక్కో వైపు 23 శాచెల్స్ అవుతాయి. బ్లాకులు 15 దాటవు. ఇంత చిన్న బేస్‌కి మెటలే సరైన పని. హనీకోంబ్ బేస్ పెరిగాక కట్టుకోవచ్చు. రాకెట్లతో వచ్చేవాళ్ల ముందు దాని విలువ తెలుస్తుంది, పేలుడు దెబ్బ లోపలి వస్తువుల దాకా రాకుండా మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి.

కప్పును, ఫౌండేషన్‌ను వదిలేయకండి. చుట్టూ మెటల్ పెట్టి పైన స్టోన్ కప్పు వదిలేసిన బేస్‌లు చాలా కనిపిస్తాయి. మీ టూల్ కబోర్డ్ పరిధిలో వేరేవాళ్లు గోడలు కట్టలేరు, చెక్క నిచ్చెన మాత్రం వేయగలరు. పైకెక్కితే ఆ కప్పు వాళ్లకు మళ్లీ 10 శాచెల్స్ దారే.

వెనక గది మెటల్ అయ్యాక చవకదారి తిరిగి తలుపుల మీదికి వస్తుంది, 12 శాచెల్స్. ఇప్పుడు రెండు ఫ్రేముల్లో గ్యారేజ్ డోర్లు పెట్టండి. ఒక్కోదానికి 300 ఫ్రాగ్స్, రెండు గేర్లు (పళ్ల చక్రాలు). ఒక్కటే చేయగలిగితే గదుల మధ్య పెట్టండి, ఎందుకంటే ముందు గది గోడ పగలగొట్టి వచ్చినా ఆ తలుపు దాటాల్సిందే. రెండూ పెట్టాక తలుపుల దారి 4, 9, 9 కలిపి 22. ముందు గది స్టోన్ గోడ, తర్వాత లోపలి గ్యారేజ్ డోర్ అయితే 10, 9 కలిపి 19. వెనక గోడ 23. చవకదారి 19 శాచెల్స్, 9,120 సల్ఫర్. మొదట 4,800 ఉన్నది దాదాపు రెట్టింపయింది, బేస్ ఆకారం ఒక్క అంగుళం మారలేదు. శాచెల్స్ కొన్నిసార్లు పేలకుండా ఆగిపోతాయి కూడా, మళ్లీ ముట్టించాలి. ఆ ఆలస్యంలో చప్పుడుకి చుట్టుపక్కలవాళ్లు చేరుతారు.

ఒంటి మీది సామాను

పోతుందన్న భయంతో పెట్టెలో దాచిన తుపాకీ రైడర్ కోసం దాచినట్టే. కాబట్టి గేర్‌ను బలాన్ని బట్టి కాకుండా పోగొట్టుకోగలిగే స్థోమతను బట్టి ఎంచుకోండి. రోజుకు పది సార్లు చస్తే పది సార్లూ తయారు చేయగలిగిందే మీ అసలు కిట్. హంటింగ్ బో అందుకే గొప్పది: 200 వుడ్, 50 క్లాత్. బాణాలు రెండేసి వస్తాయి, 25 వుడ్, 10 స్టోన్‌కి. క్రాస్‌బో దెబ్బ గట్టిదే కానీ మళ్లీ ఎక్కించేలోపు ఎదుటివాడు రెండు బాణాలు వేస్తాడు. ఈయోకా పిస్టల్ దగ్గర నుంచి ఒక్క దెబ్బకు చంపగలదు, కానీ నిప్పురవ్వ ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. ఇంట్లో మూలన కాపు కాయడానికి తప్ప బయటికి తీసుకెళ్లకండి.

రక్షణలో మొదట తల చూసుకోండి. కాఫీ క్యాన్ హెల్మెట్ తూటా దెబ్బను 35 శాతం ఆపుతుంది, మెటల్ ఫేస్‌మాస్క్ 50. ఛాతీకి రోడ్ సైన్ జాకెట్ 20, మెటల్ చెస్ట్ ప్లేట్ 25. ఈ రెండింటి మధ్య తేడా తక్కువ కాబట్టి మంచి సామాను ఒకటే దొరికే రోజుల్లో అది తలకే వెళ్లాలి. హాజ్‌మ్యాట్ సూట్ ఒంటికంతటికీ 30 ఇస్తుంది, రేడియేషన్ కూడా ఆపుతుంది, మాన్యుమెంట్లకు (మ్యాప్‌లో సామాను దొరికే పెద్ద కట్టడాలకు) వెళ్లేటప్పుడు అంతకన్నా తేలికైనది లేదు. అయితే దాని మీద ఇంకేదీ తొడగలేం. రోడ్ సైన్ కింద హుడీ వేసుకుంటే రెండూ కలిసి పనిచేస్తాయి, ఆ అవకాశం సూట్‌లో లేదు.

బెల్ట్‌లో ఆరు గడులుంటాయి. ఆయుధం, సిరంజి, బ్యాండేజ్ ఎప్పుడూ అవే గడుల్లో ఉంచుకోండి. సిరంజి వెంటనే 15 ప్రాణం ఇచ్చి మిగతాది మెల్లగా నింపుతుంది, పోరు మధ్యలో అదే పనికొస్తుంది. బ్యాండేజ్ నాలుగు క్లాత్‌లతో అయిపోతుంది, రక్తం ఆపడానికి అది చాలు.

స్లీపింగ్ బ్యాగులు 30 క్లాత్ చొప్పున కనీసం మూడు చేయండి. ఒకటి లూట్ రూమ్‌లో, ఒకటి ముందు గదిలో, ఒకటి బయట పొదల్లో, బేస్‌కి దూరంగా. బ్యాగ్‌లో మళ్లీ లేవడానికి 5 నిమిషాలు ఆగాలి, దగ్గర దగ్గరగా పెడితే ఒకటి వాడగానే పక్కదానికీ ఆ నిరీక్షణ పడుతుంది. బయటి బ్యాగ్ ఉంటే రైడ్ జరుగుతుండగా వెనక నుంచి రావచ్చు.

ఆట ఆపేముందు

మీరు వెళ్లిపోయినా మీ శరీరం అక్కడే నిద్రపోతుంటుంది. ఒంటి మీది మంచి సామాను పెట్టెల్లోకి మార్చండి, అన్నీ ఒకే పెట్టెలో కాకుండా. టూల్ కబోర్డ్ తెరిచి 24 గంటలకు ఏది ఎంత కావాలో చూసి కనీసం రెండు రోజుల సరుకు వేయండి. మెటల్ చేసిన ఐదు బ్లాకులకు రోజుకు 90 ఫ్రాగ్స్, మిగతా స్టోన్‌కి 220 దాకా పోతుంది. స్టోన్ నిండుగా వేసి ఫ్రాగ్స్ మర్చిపోతే ఖరీదైన గోడలే ముందు క్షీణించడం మొదలవుతుంది. కబోర్డ్‌కి కూడా ఒక కోడ్ లాక్ బిగించి, లోపలి తలుపు నుంచి బయటికి ఒక్కోటీ మూసి ఉందో లేదో చూసి, వెనక గదిలోకి వచ్చి లాగౌట్ అవండి.