రెండు బోర్డులు కలిపేశాక కుదిరింది

పనుల్ని కార్డులుగా రాసి లిస్టుల్లో పెట్టుకునే ట్రెల్లో యాప్‌లో నా ఆఫీసు పనులకి ఒక బోర్డు, ఇంటి పనులకి ఇంకోటి పెట్టుకున్నాను. పొద్దున్నే ఆఫీసుది చూసేవాణ్ణి, ఇంటిది తెరిచేవాణ్ణే కాదు, అలా అమ్మ బీపీ మాత్రలు అయిపోయిన రెండు రోజులకి గానీ నాకు తెలియలేదు, చాలా బాధేసింది. ఆ రాత్రే రెండూ కలిపి ఒకే బోర్డు చేశాను. ఆఫీసు కార్డులకి నీలం లేబుల్, ఇంటివాటికి పచ్చది. ‘చేస్తున్నవి’ లిస్టులో మూడు కార్డులకి మించి ఉంచను. టయోటా కార్ఖానాల్లో మొదలైన, పనుల్ని కార్డులతో నడిపించే కాన్‌బాన్ పద్ధతిలో నాకు బాగా పనికొచ్చింది ఈ హద్దే. ఇంకోటి, కార్డు మీద ‘మాత్రలు’ అని రాసి వదిలేస్తే చెయ్యి కదలదు, ‘మెడికల్ షాపులో రెండు స్ట్రిప్పులు తేవాలి’ అని రాస్తున్నాను. గడువు తేదీ, స్ట్రిప్పు అయిపోవడానికి ఐదు రోజుల ముందుకి పెట్టాను, దానికీ ఒక రోజు ముందే ఫోన్‌కి రిమైండర్ వస్తోంది.