రాయలసీమలో ముత్తాతల రికార్డు దొరకట్లేదా? ముందు పాత జిల్లా ఏదో తేల్చుకోండి

"మా ఊరి రికార్డు లేదన్నారండీ" అని వచ్చేవాళ్లలో చాలామందికి రికార్డు ఉంటుంది. వాళ్లు అడిగిన చోట ఉండదు, అంతే. ఆ ఒక్కటి ముందే చూసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. కానీ ఎవరూ చూసుకోరు.

ఇది దత్తమండలాల వాళ్ల కోసం. అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన బళ్లారి, కడప ప్రాంతాలు, 1839లో నవాబు చేతిలోంచి పోయిన కర్నూలు. అంతకుముందు ఇది మైసూరుకూ, నిజాముకూ, మరాఠాలకూ మధ్య నలిగిన సరిహద్దు సీమ. పెత్తనం పాలెగాళ్లది. మన్రో ఇక్కడికి కలెక్టరుగా వచ్చాకే ఊరూరా పొలం కొలిచి రైతు పేరు రాయడం పద్ధతిగా మొదలైంది. అంతకంటే వెనక్కి మామూలు రైతు కుటుంబం పేరు కాగితం మీద ఆశించకండి. కరణం, రెడ్డి ఇళ్లవాళ్లయితే కైఫీయతులు, అంటే పాతకాలంలో రాయించిన ఊరి చరిత్రలు, ఒకసారి తిరగేయొచ్చు. అడంగల్ అంటే ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే ఊరి లెక్క, ఆర్.ఎస్.ఆర్. అంటే సర్వే నంబర్ల వారీగా రాసిన సెటిల్మెంటు రిజిస్టరు. నకలుకు అర్జీ ఎలా పెట్టాలో మీకు తెలుసనే అనుకుంటున్నా.

సమస్య: "ఆ ఊరు మా జిల్లా జాబితాలోనే లేదు" అంటున్నారు

కారణం: మీరు ఇవాళ్టి జిల్లా పేరు చెప్పి నూట యాభై ఏళ్ల కిందటి కాగితం అడుగుతున్నారు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సంగతే చూడండి. ఉయ్యాలవాడ ఇప్పుడు నంద్యాల జిల్లా. 2022 దాకా కర్నూలు జిల్లా. ఆయన తిరగబడిన 1846-47లో మాత్రం కోయిలకుంట్ల ప్రాంతం కడప జిల్లాలో ఉంది. అందుకే ఆ వ్యవహారం మీద నడిచిన ఉత్తరాలు కడప కలెక్టరు కాగితాల్లో ఉంటాయి. కర్నూలు సంపుటాలు ఎన్ని తిప్పినా లాభం లేదు. అంత పేరున్న మనిషికే ఇలా ఉంటే మన జేజినాయన సంగతి చెప్పేదేముంది?

కోయిలకుంట్ల, కంభం 1858 దాకా కడపవి. పత్తికొండ అప్పటిదాకా బళ్లారిది. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్లారిని చీల్చి. కదిరి మాత్రం అప్పటికి కడపలోనే ఉంది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపవే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్లారివి. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలువి. ఆపైన 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి.

ఇందులో అసలు మెలిక ఏమిటంటే, జిల్లా మారినప్పుడు కాగితాలన్నీ కలిసి కదలవు. రోజువారీ వాడకంలో ఉన్న సర్వే, పట్టా రిజిస్టర్లు కొత్త కచేరికి వెళ్తాయి. పాత ఉత్తరప్రత్యుత్తరాలు, విచారణలు, అర్జీలు పాత జిల్లా పేరుతో బైండు చేసిన సంపుటాల్లోనే ఉండిపోతాయి. ఆదోని వాళ్లకు తాత పేరున్న అడంగల్ స్థానికంగా దొరుకుతుంది. దాంతో "అంతకుముందువి చెదలు తినేసుంటాయి" అని సర్దుకుపోతారు. చెదలు తిన్నవి ఉంటాయి, కాదనను. కానీ ఆ మాట నమ్మే ముందు బళ్లారి అని అడిగారా? పూర్తిగా దొరక్కపోతే మనిషి ఇంకోచోట వెతుకుతాడు. సగం దొరికితేనే ఆగిపోతాడు. నన్ను ఎక్కువగా తిప్పింది ఈ సగం దొరకడమే.

పరిష్కారం ఇంట్లోనే ఉంది. ట్రంకుపెట్టెలో ఉన్న పాత రిజిస్టరు దస్తావేజు తీయండి. అందరూ స్టాంపు ఉన్న మొదటి పేజీ ఫొటో తీసి పంపుతారు. నాక్కావలసింది చివర్న ఉండే షెడ్యూలు. అక్కడ జిల్లా, సబ్ డిస్ట్రిక్టు, తాలూకా, గ్రామం, చెక్కుబందీ (పొలం నాలుగు హద్దులు) వరసగా రాసి ఉంటాయి. మదనపల్లె దగ్గరి కుటుంబం 1905లో రాయించుకున్న కాగితమైతే అందులో "కడప జిల్లా" అనే ఉంటుంది. సబ్ డిస్ట్రిక్టు అంటే రిజిస్ట్రారు ఆఫీసు పరిధి, తాలూకా అంటే రెవెన్యూ పరిధి. రెండూ ఒకటే కానక్కర్లేదు, రెండూ రాసుకోండి. దస్తావేజు లేకపోతే ఆ కాలపు జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాలన్నీ రాసిన పుస్తకం) చూడండి. కడపది 1875లో, బళ్లారిది 1872లో అచ్చయ్యాయి. ఏ తాలూకా అప్పుడు ఎక్కడుందో తేలిపోతుంది.

ఇంకొకటి. మీరు ఊరు అనుకుంటున్నది మజరా, అంటే ఇంకో రెవెన్యూ గ్రామం కింద ఉండే చిన్న పల్లె కావచ్చు. అప్పుడు రికార్డు అసలు రెవెన్యూ గ్రామం పేరు మీద ఉంటుంది. పాసు పుస్తకంలో ఉన్న గ్రామం పేరు మీరు పలికే పేరు ఒకటేనా కాదా చూసుకోండి. కొత్తపల్లె, రామాపురం లాంటి పేర్లయితే పక్క ఊళ్ల పేర్లు కూడా చెప్పాలి, లేకపోతే ఎవరి ముత్తాతో మీ వంశవృక్షంలోకి ఎక్కుతాడు.

ఇవన్నీ చేతిలో పెట్టుకుని పాత జిల్లా పేరుతో అడగండి. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జిల్లా సంపుటాల కోసం హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్ ఆఫీసుకు వెళ్లేముందు, రాష్ట్రం విడిపోయాక ఏది ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కోండి.

సమస్య: ఊరు దొరికింది, పేరు లేదు

ఉమ్మడి కుటుంబంలో పట్టా పెద్దాయన పేరు మీద ఉంటుంది. మీ ముత్తాత తమ్ముడైతే కనపడడు. ఇంటిపేరు కూడా చాలాచోట్ల రాయరు. కాబట్టి పేరు పట్టుకుని కాకుండా సర్వే నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లండి. కుటుంబానికి ఏ రకం ఇనాం (సేవకో, గుడికో ఇచ్చిన మాన్యం భూమి) ఉన్నా, 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్ బంగారం. అందులో అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడికి ఏమవుతాడో కూడా రాశారు. దేవుడి మాన్యం, కరణీకం, తలారి, మంగలి మాన్యం, ఏదైనా సరే.

సమస్య: సంవత్సరం కుదరట్లేదు

అది ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం. 590 కలపండి. ఫసలీ 1270 అంటే 1860-61.

అరుదైనవి

బనగానపల్లె 1948 దాకా సంస్థానం, దాని దారి వేరు. పుంగనూరు లాంటి జమీందారీ ఊళ్లకు పాత రైత్వారీ (రైతు పేరునే నేరుగా పన్ను రాసే పద్ధతి) రిజిస్టర్లు ఉండవు, ఎస్టేట్ల రద్దు తర్వాత చేసిన సెటిల్‌మెంటు అడంగల్ నుంచి మొదలుపెట్టండి. మొదటి రోజుల లెక్కలు కొన్ని మరాఠీలో, మోడీ లిపిలో (మరాఠీ రాయడానికి వాడిన పాత గొలుసుకట్టు రాత) ఉంటాయి. వాటిని ఊహించి చదవొద్దు, చదవగలిగినవాళ్లకు డబ్బిచ్చి చదివించుకోండి.