వేట బోటులో వంట పొయ్యి మార్చాలంటే ఎలా ఎంచుకోవాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఈ 61 రోజుల్లోనే బోటుకి చెక్క పని, రంగులు, ఇంజిన్ పని అన్నీ అవుతాయి. వంట పొయ్యి సంగతి మాత్రం చివరి రోజు దాకా ఎవరికీ గుర్తుకు రాదు. ఐస్, డీజిల్ ఎక్కించే హడావిడిలో ఎవరో ఒకరు బజారుకెళ్లి, ఇంట్లో వాడే స్టవ్ ఒకటి పట్టుకొచ్చి పాతదాని చోట పెట్టేస్తారు. ఉప్పుగాలికి దాని కాళ్లు తుప్పు పట్టి, వచ్చే నిషేధం లోపే ఒకవైపుకి ఒరిగిపోతుంది.

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్ల నుంచి వెళ్లే మరబోట్లలో ఏడెనిమిది మంది పది, పదిహేను రోజులు సముద్రం మీదే ఉంటారు. అందరి తిండీ ఆ ఒక్క పొయ్యి మీదే. దాన్ని మార్చేటప్పుడు సగం పని షాపుకి వెళ్లకముందే, బోటులోనే అయిపోవాలి. స్టవ్ ఏది కొనాలన్నది చివర్లో తేలే విషయం.

1. పాతది తీసేసి చోటు కొలవండి

పొడవు, వెడల్పు ఎలాగూ కొలుస్తారు. ఎత్తు మరిచిపోతారు. స్టవ్ మీద అన్నం గుండిగ పెట్టి, దాని మూత తీసి, పైన ఇంకా కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి. పైకప్పు చెక్కదైతే ఈ విషయంలో రాజీ వద్దు. గోడ చెక్కదైతే దానికీ స్టవ్‌కీ మధ్య ఖాళీ వదిలి రేకు కొట్టించాలి.

మీ గిన్నెల్లో అన్నిటికన్నా పెద్దదాని అడుగు కొలత కూడా రాసుకోండి. రెండు బర్నర్ల మీదా రెండు పెద్ద గిన్నెలు పక్కపక్కన పడతాయా లేదా అన్నది షాపులో చూస్తే తెలియదు. అక్కడ స్టవ్ మీద గిన్నెలుండవు మరి.

2. దేనితో మండించాలో తేల్చుకోండి

కట్టెలు వద్దు. నైలాన్ వలలు, డీజిల్ పీపాలు ఉన్నచోట నిప్పురవ్వలు లేచే పొయ్యి పెట్టడమేంటి? కిరోసిన్ స్టవ్‌లో పేలే గ్యాస్ ఉండదు, అది దాని మంచితనం. కానీ కిరోసిన్ దొరకడమే కష్టమైపోయింది. పైగా పంపు కొట్టి, వేడిచేసి వెలిగించే ఆ తతంగానికి ఊగే బోటులో ఓపిక కావాలి.

ఇండక్షన్ గురించి ఈమధ్య కుర్రాళ్లు అడుగుతున్నారు. లెక్క చూడండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 24 వోల్టుల బ్యాటరీ నుంచి 83 ఆంపియర్లు లాగుతుంది. ఇన్వర్టర్‌లో పోయేది దీనికి అదనం. ఇంజిన్ స్టార్ట్ చేయడానికీ, వైర్‌లెస్‌కీ, లైట్లకీ ఉన్న బ్యాటరీలతో అన్నం వండి, నడిసముద్రంలో ఇంజిన్ స్టార్ట్ కాక కూర్చుంటామా? పెద్ద జనరేటర్ ఉన్న బోటైతే వేరే మాట.

మిగిలింది గ్యాస్. నూటికి తొంభై బోట్లకి అదే సరైనది, అన్నిటికన్నా జాగ్రత్త కావలసిందీ అదే.

3. సిలిండర్‌కి చోటు చూశాకే స్టవ్ మాట

ఇంట్లో గ్యాస్ లీకైతే తలుపులు తెరుస్తాం, గడప దాటి బయటికి పోతుంది. బోటులో గడప లేదు. వంటగ్యాస్ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారిన గ్యాస్ నీళ్లలాగే కిందికి దిగి, పలకల సందుల్లోంచి బోటు అడుగుకి, ఇంజిన్ గదిలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. పైన గాలి ఎంత వీచినా అది కదలదు. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు.

గాలిలో సుమారు 2 శాతం గ్యాస్ కలిసినా అంటుకుంటుంది. ఒక కిలో గ్యాస్ కారితే అర ఘనపు మీటరు ఆవిరవుతుంది. పది అడుగుల గది ఒకదాన్ని నేల నుంచి పైకప్పు దాకా పేలే స్థితికి తేవడానికి అది సరిపోతుంది. బోటు అడుగున ఉన్న ఖాళీ అంతకన్నా తక్కువే.

వాసన వస్తుంది కదా అనుకోవద్దు. ఎండిన చేప, డీజిల్, తడి వల... ఇన్ని వాసనల మధ్య పది రోజులున్న ముక్కు గ్యాస్ వాసనని పట్టుకోలేదు. వీలైతే గ్యాస్ లీకేజీ అలారం ఒకటి కొని, గోడ మీద పైన కాకుండా పాదాల ఎత్తులో బిగించండి.

అందుకని సిలిండర్ కేబిన్ లోపల, ఇంజిన్ గదిలో, చేపల గదిలో ఉండకూడదు. డెక్ మీద, నీడలో, వలలకీ డీజిల్‌కీ దూరంగా ఒక పెట్టె చేయించండి. పెట్టె అడుగున గొట్టం పెట్టి, దాని రెండో కొస నీటిమట్టానికి పైన, బోటు బయటికి తెరుచుకునేలా అమర్చాలి. లీకైన గ్యాస్ సముద్రంలోకి పోవాలి తప్ప బోటులోకి దిగకూడదు. సిలిండర్ నిలువుగానే ఉండాలి, బెల్టుతో బిగించాలి. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి గ్యాస్ బదులు ద్రవం వచ్చి మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 30కి పైగా బోట్లు తగలబడ్డాయి. మంట ఎలా మొదలైనా, ఒక బోటు నుంచి మరో బోటుకి పాకుతున్నప్పుడు లోపలున్న సిలిండర్లు పేలడం తీరమంతా విన్నది.

ఎంత గ్యాస్ కావాలి? ఇంటి స్టవ్ లాంటి బర్నర్ పూర్తి మంట మీద గంటకి 150 నుంచి 200 గ్రాములు తాగుతుంది. రెండు బర్నర్లూ రోజుకి రెండున్నర గంటలు వెలిగితే ముప్పావు కిలో నుంచి కిలో. పన్నెండు రోజుల వేటకి 9 నుంచి 12 కిలోలు. అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఒకటి, లేదా 5 కిలోలవి మూడు. నాకైతే 5 కిలోలవే నయం: ఎత్తడం తేలిక, ఒకటి అయిపోతే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఫైబర్‌తో చేసిన కాంపోజిట్ సిలిండర్ దొరికితే ఇంకా మంచిది, తుప్పు గొడవ లేదు, గ్యాస్ ఎంతుందో బయటికే కనబడుతుంది. ఇంటి కనెక్షన్ మీద వచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండర్‌ని బోటెక్కించడం నిబంధనలకి విరుద్ధం.

4. ఇప్పుడు షాపుకి వెళ్లండి

గ్లాస్ టాప్ చూపిస్తారు, అందంగా ఉంటుంది. అటువైపు చూడకండి. బోటు ఒక్క ఊపు ఊగి గుండిగ జారిపడితే ఆ గాజు చిన్న చిన్న ముక్కలై కూరలో కలుస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ స్టవ్ అడిగి తీసుకుని, బోర్లించి చూడండి. షాపువాడు విసుక్కున్నా సరే. పైన తళతళలాడే రేకు అందరిదీ ఒకటే, తేడా అంతా కింద ఉంటుంది. గ్యాస్ పైపు రంగేసిన ఇనుపదా? దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు, స్క్రూలు ఏవి? ఉప్పుగాలి ముందు తినేది వాటినే. అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లి ఆనించండి. అంటుకుంటే వద్దు. అంటుకోనంత మాత్రాన ఉప్పుగాలిని మెరుగ్గా తట్టుకునే 304 రకం స్టీలని కాదు, చవకగా వచ్చే 202 రకం కూడా అంటుకోదు. 304 అని బిల్లు మీద రాయమనండి. రాయనంటే అర్థమైనట్టే.

బర్నర్లు బరువైన ఇత్తడివై ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4246 అనే నంబరు చూడండి. ఆ ప్రమాణం ప్రకారం స్టవ్ ఇచ్చే వేడిలో కనీసం 68 శాతం గిన్నెకి అందాలి. ఆటోమేటిక్‌గా వెలిగే స్టవ్‌కి డబ్బు తగలేయవద్దు, తేమకి అది నెలలోనే మొరాయిస్తుంది.

డబ్బు పెట్టాల్సింది ఒక్కదానికే: మంట ఆరిపోతే గ్యాస్‌ని దానంతట అదే ఆపేసే ఏర్పాటు. బర్నర్ పక్కన చిన్న కడ్డీ ఉంటుంది. అది వేడిగా ఉన్నంతసేపే గ్యాస్ దారి తెరిచి ఉంటుంది. సముద్రం మీద మంట ఆరిపోవడం రోజూ జరిగేదే, ఆరిన సంగతి వెంటనే ఎవరూ చూడరు. ఇలాంటి ఏర్పాటు మామూలు ఇంటి స్టవ్‌లలో అరుదు, గట్టులో బిగించే కొన్ని హాబ్‌లకి ఉంటుంది. చిన్న నౌకల గ్యాస్ అమరికకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 10239 ప్రతి బర్నర్‌కీ ఇది ఉండాలంటుంది. షాపులోనే వెలిగించి, ఊది ఆర్పమనండి. కాసేపటికి 'టిక్'మని మూసుకున్న చప్పుడు రావాలి.

ఇంకొక్కటి. టిఫిన్ బండ్ల మీద వాడే భట్టీ పొయ్యికి హై ప్రెషర్ రెగ్యులేటర్ కావాలి, ఇంటి స్టవ్‌కి లో ప్రెషర్‌ది. ఒకదానిది ఇంకొకదానికి పెట్టవద్దు. మీ సిలిండర్ వాల్వ్‌కి ఏది సరిపోతుందో గ్యాస్ ఏజెన్సీలోనే అడగండి.

5. ఊగినా గిన్నె కదలకుండా

బోటు ఎక్కువగా పక్కలకి ఊగుతుంది, అందుకని గిన్నె ఒలికేదీ పక్కలకే. స్టవ్‌ని ఎలా తిప్పి పెట్టాలంటే, వండే మనిషి దానికి బోటు ముక్కు ఉన్నవైపు గానీ, బోటు వెనకభాగం ఉన్నవైపు గానీ నిలబడాలి. పక్కన నిలబడితే మరిగే పులుసు కాళ్ల మీదే.

స్టవ్‌ని గట్టుకి నట్లతో బిగించండి. చుట్టూ నాలుగంగుళాల ఎత్తున స్టీల్ కడ్డీ కంచె వెల్డింగ్ చేయించి, గిన్నెని నొక్కిపట్టే రెండు అడ్డకడ్డీలు జరిపేలా పెట్టించండి. విదేశీ తెరచాప పడవల్లో స్టవ్‌నే ఉయ్యాల కట్టి ఊగనిస్తారు. మన బోట్లకి అంత అవసరం లేదు, కంచె చాలు.

గాలికి మూడువైపులా రేకు పెట్టండి, గ్యాస్ గొట్టం మాత్రం ఆ రేకుకి బయట ఉండాలి. గిన్నె సగానికి మించి నింపవద్దు. గంజి వార్చే వంట వేటలో మానేసి అత్తెసరు పెట్టుకోండి, లేదా మూత బిగుసుకునే పెద్ద కుక్కర్ వాడండి.

6. బిగించి చూడండి

నారింజ రంగు సురక్షా గొట్టమే వాడాలి. ఒడ్డు మీద దాని ఆయుష్షు అయిదేళ్లు. బోటులో ప్రతి వేట నిషేధానికీ కొస దగ్గర వంచి చూడండి. పగులు కనిపించినా, లోపలి తీగ తుప్పు మరక బయటికి వచ్చినా మార్చేయండి. దూరం ఎక్కువైతే రెండు గొట్టాలు అతికించకుండా రాగి పైపు వేయించండి.

అన్ని జాయింట్లకీ సబ్బు నురగ పూసి బుడగలు చూడండి. అగ్గిపుల్ల వెలిగించి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని ఆ పనికి పెట్టకండి. పొడి నింపిన మంటలార్పే సిలిండర్ ఒకటి స్టవ్ పక్కన కాకుండా, కేబిన్ తలుపు దగ్గర తగిలించండి. మంట మధ్యలోకి చెయ్యి పెట్టి అందుకోలేం కదా.

వంట అయ్యాక ముందు సిలిండర్ దగ్గర ఆపాలి, గొట్టంలో మిగిలిన గ్యాస్ మండి మంట తగ్గిపోయాక అప్పుడు స్టవ్ మీటలు తిప్పాలి. కొత్త కళాసీ ఎక్కినప్పుడు డ్రైవర్ ఇది ఒకసారి చేసి చూపించాలి.

బోటు జెట్టీకి కట్టి ఉండగానే ఒక పూట అందరికీ అన్నం వండి చూసుకోండి. మంట నీలంగా ఉండాలి. పసుపు కొస లేచి గిన్నె అడుగు నల్లబడితే గాలి కలిసే చోట అడ్డం ఉన్నట్టు, మెకానిక్‌ని పిలవాలి. అదే పూట నాజిల్ శుభ్రం చేసే సన్నని పిన్ను, రెగ్యులేటర్ రబ్బరు వాషర్లు, రెండు లైటర్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి బోటులో ఉంచండి.