హాల్లో కొందరు, ఫోన్లో కొందరు: అందరికీ చేరేలా శిక్షణ తరగతి నడపడం ఎలా?

గోదావరికి వరద వస్తే లంక గ్రామాల రైతు గట్టు దాటి రాలేడు. కోనసీమ కొబ్బరి తోటల యజమానుల్లో హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉండేవారు చాలామంది. ఇక్కడ తోట చూసుకునేది అత్తగారో, కౌలు రైతో. కొబ్బరి ఆకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ మీద శిక్షణ పెట్టామంటే వీరందరూ వినాలి, అడగాలి. హాల్లో ఉన్నవారికి పాఠం, ఫోన్లో ఉన్నవారికి హోరు మిగిల్చే తరగతులు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి.

ముందుగా మెట్లెక్కనవసరం లేని గది చూసుకోండి. ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు, చేతి మైకు, మైకుసెట్టు, రౌటర్‌కు ఇన్వర్టర్, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను చాలు. ఉచిత ఖాతాలో జూమ్ సమావేశం 40 నిమిషాలకు, ముగ్గురు లేదా అంతకు మించి ఉన్న గూగుల్ మీట్ గంటకు ఆగిపోతాయి కాబట్టి విరామాన్ని దానికి తగ్గట్టు పెట్టుకోండి. తరగతి శుక్రవారం ఉదయం పదిన్నరకే మొదలుపెట్టాలి. అప్పుడు కువైట్‌లో ఎనిమిది గంటలు, పైగా సెలవు రోజు.

ముందు రోజే బొమ్మలు వాట్సాప్‌లో పంపండి: ఆకు అడుగున సుడులుగా పెట్టిన గుడ్లు, దోమ విసర్జించే తేనెలాంటి జిగురు పడిన చోట పెరిగే నల్లని మసి. చదవలేని వారి కోసం ప్రతి బొమ్మకూ ఒక వాయిస్ మెసేజ్ జతచేయండి.

ఇక అసలు కష్టం శబ్దం దగ్గరే ఉంది, తరగతులు చెడిపోయేదీ ఇక్కడే. చాలామంది చేతి మైకును హాలు స్పీకర్లకు మాత్రమే కలిపి, ల్యాప్‌టాప్‌ను బల్ల మీద వదిలేస్తారు. మైకుకూ మాట్లాడేవారికీ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా చేరే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది, ఫ్యాన్ల హోరు మాత్రం తగ్గదు. రేకుల కప్పు ఉన్న హాల్లో ప్రతిధ్వని కూడా తోడవుతుంది. మైకుసెట్టు మిక్సర్ నుంచి ఒక తీగ నేరుగా ల్యాప్‌టాప్‌కు వెళ్లాలి. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే దూరపు గొంతులు హాలు స్పీకర్లలో వినబడాలి గాని, అదే తీగలో వెనక్కి పోకూడదు. పోతే అవతలివారికి తమ మాటే తిరిగి వినబడుతుంది. ఈ సంగతి మైకుసెట్టు అబ్బాయికి ముందు రోజే విడమరచి చెప్పండి. మాట్లాడేవారు మైకును నోటికి బెత్తెడు దూరంలోనే పట్టుకోవాలి.

హాల్లో ఉన్నవారెవరూ తమ ఫోన్లతో సమావేశంలో చేరకూడదు. ఒక్క ఫోను మైకు, స్పీకరు తెరిచి ఉన్నా కూత మొదలవుతుంది. ఎవరి ల్యాప్‌టాప్ వారే తెరుచుకుంటే సమానంగా ఉంటుందని కొందరు వాదిస్తారు. ఒకే గదిలో అది గోలకే దారితీస్తుంది.

పరీక్ష జనం కూర్చున్నాక, ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా చేయాలి. ఒకరు ఫోను తీసుకుని కాలువ గట్టు దాకా వెళ్లి వినాలి. వారిని “వినబడుతోందా?” అని అడగకండి, మొహమాటానికి అందరూ ఔననే అంటారు. చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పమనండి. తెల్లదోమను అదుపు చేసే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి పురుగు రసాయన మందులకు చచ్చిపోతుందని, అందుకే విచక్షణ లేకుండా పిచికారీ చేయవద్దని చెప్పిన మాట సగమే చేరితే, అవతలి రైతు సాయంత్రానికే మందు కొట్టిస్తాడు.

ప్రశ్నల వేళ మొదటి అవకాశం దూరంగా ఉన్నవారిదే. వారి కోసం ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టండి. రాసి పంపిన ప్రశ్నను పేరు చెప్పి మైకులో చదవడం, వాయిస్ మెసేజ్‌ను మైకుసెట్టులో వినిపించడం తప్ప ఆ మనిషికి మరో పని ఇవ్వకూడదు. మైకు లేకుండా వచ్చిన ప్రశ్నకు, అడిగినది సర్పంచ్ గారైనా సరే, జవాబు చెప్పకండి. “బాబాయిగారూ, మైకులో మరోసారి అడగండి” అంటే ఎవరూ నొచ్చుకోరు. తర్వాత రికార్డింగు పంపుతాం కదా అనేవారికి నా సమాధానం ఒకటే: రికార్డింగును తిరిగి ప్రశ్న అడగలేం.

చివరి పావుగంటలో ఫోన్లో ఉన్న ఇద్దరు ముగ్గురిని పేరు పెట్టి పిలిచి, రేపు తోటలో ఏం చేస్తారో చెప్పమనండి. తప్పు చెబితే, హాల్లో అందరూ వింటుండగా అక్కడికక్కడే ఆ భాగాన్ని మళ్లీ బోధించండి.