పెరట్లో చుట్టిల్లు పాక ఎలా వేసుకోవాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటింది. మా వీధిలో డాబాల మీది రేకులు కాగితాల్లా లేచిపోయాయి. అందుకే ఎవరైనా డాబా మీద తాటాకు పాక వేస్తానంటే వద్దంటాను. పెరట్లో నేల మీద, అదీ ఉత్తరాంధ్ర తీరంలో మనవాళ్లు కట్టుకున్న గుండ్రటి చుట్టిల్లు పద్ధతిలో వేసుకోండి.

పని మాఘ, ఫాల్గుణాల్లో మొదలుపెడితే వానలకు ముందే తీరిక దొరుకుతుంది. కరెంటు తీగలకు, వంటగదికి దూరంగా చోటు చూడండి. తాటాకుకు నిప్పు అంటుకుంటే ఆర్పే టైమ్ కూడా ఉండదు.

ముందు మేకు పాతి, దానికి ఐదడుగుల తాడు కట్టి నేల మీద గుండ్రంగా గీయండి. మేకు ఉన్నచోట పదమూడడుగుల నిట్రాట, అంటే నడిమి స్తంభం, పాతాలి. రెండున్నర అడుగులు భూమిలో, మిగతాది పైన. గీత వెంట ఎనిమిది సరుగుడు రాటలు, పైకి ఐదున్నర అడుగులు ఉండేలా పాతి, వాటి తలలను వెదురు బద్దలతో చుట్టూ కలిపి కట్టండి. గుండ్రం ఎందుకంటే, గాలి మొత్తం ఒక గోడ మీదే పడకుండా పక్కల నుంచి జారిపోతుంది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ, ఇక్కడ లెక్కపెట్టాల్సిందే. పదకొండడుగుల వాసాలు ఎనిమిది నిట్రాట తలదాకా వెళ్తాయి. వాటి మధ్య మరో ఎనిమిది పొట్టివి. పదహారూ కొసదాకా తెస్తే అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడి వేయడానికి చోటుండదు. కాబట్టి వాలులో సగం పైన పొడవు వాసాలకు గుండ్రంగా వెదురు చట్రం కట్టి, పొట్టివాటిని దానికే కట్టి ఆపండి. ఈ కొలతలతో వాలు 45 డిగ్రీలు వస్తుంది, చూరు నేలకు మూడడుగుల ఎత్తుకు దిగుతుంది. పాక బలమంతా ఆ కిందికి దిగిన చూరులోనే ఉంది. వాన గోడను తాకదు, ఎండ లోపలికి రాదు, గాలికి ఎత్తడానికి అంచు దొరకదు. గుమ్మం దగ్గర మాత్రం చూరు కాస్త కత్తిరించండి. అయినా వంగే వెళ్లాలి, అలవాటైపోతుంది.

ముడులకు కొబ్బరితాడే వాడండి. మేకు కొడితే గాలి ఊపుకు కర్ర చీలుతుంది, ముడి అయితే సర్దుకుంటుంది. ఇది వలలు అల్లే చేతులకు తెలిసిన పని. దగ్గర్లోని మత్స్యకార పల్లెలో పెద్దాయన ఎవరైనా ఉంటే కూలి ఇచ్చి పిలవండి, వీడియోలు చూసి నేర్చుకునే పని కాదు.

వాసాల మీద అడుగు ఎడంగా బద్దలు కట్టాక, బరువు పెట్టి చదును చేసిన ఆకులను చూరు నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా నేయాలి. కొసన కుండ బోర్లించండి. పైన పాత వల కప్పి చుట్టూ నేలలో పాతిన మేకులకు లాగి కట్టండి.

గోడ మూడడుగుల మట్టిగోడ చాలు. పైన ఖాళీ వదిలితే సముద్రపు గాలి ఆడుతుంది. కాని తుపాను హెచ్చరిక వస్తే అక్కడ తడకలు బిగించాలి, లేకపోతే లోపలికి దూరిన గాలి కప్పును పైకి తోస్తుంది.

ఈ పల్లె తెలివి దూరదేశాలకూ నచ్చింది. ‘బంగ్లా’ అనే మాటే బెంగాల్ గుడిసె పేరు. చుట్టూ వరండా ఉన్న ఆ ఇంటిని బ్రిటిష్ వాళ్లు తమ ఊళ్లకూ పట్టుకుపోయారు. పసిఫిక్‌లోని న్యూ కలెడోనియాలో రెంజో పియానో అనే ఇటలీ ఆర్కిటెక్టు అక్కడి ఆదివాసులైన కనాక్‌ల గుడిసెల నుంచి పది చెక్క మందిరాలు మలిచాడు. జిబావు సాంస్కృతిక కేంద్రంగా 1998లో తెరిచిన ఆ మందిరాల్లో ఎత్తైనది 28 మీటర్లు. అక్కడా గాలినే పనిలో పెట్టారు.

మన పాకకు ఆకు మూడు నాలుగేళ్లకోసారి మార్చాలి. ఏటా దసరా ముందు ఒకసారి ముడులన్నీ లాగి చూడండి, వదులైనవి ఆ రోజే బిగించండి.