నర్సరీ వెబ్‌సైట్‌లో తరచూ అడిగే ప్రశ్నలను అమర్చుకొనే పద్ధతి

కడియం, కడియపులంక ప్రాంతంలో మొక్కల వ్యాపారం చేసేవారికి ఫోన్‌లో రోజూ అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి: "బెంగళూరుకు పంపుతారా?", "కొబ్బరి మొక్క ఎన్నేళ్లకు కాస్తుంది?", "దారిలో వాడిపోతే బాధ్యత ఎవరిది?" వెబ్‌సైట్‌లో ప్రశ్నల పేజీని ఈ మాటలతోనే కట్టుకోవాలి. "మా నర్సరీ ప్రత్యేకత ఏమిటి?" అని ఎవరూ అడగని ప్రశ్నను మనమే వేసుకొని జవాబు రాసుకుంటే, కొనేవారికీ సెర్చ్ ఇంజన్‌కూ దానితో పని ఉండదు.

అందుచేత ముందుగా ఒక నెలపాటు ఫోన్‌లోను, వాట్సాప్‌లోను వచ్చిన ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. సైట్ ఇప్పటికే నడుస్తున్నట్లయితే, జనం ఏయే మాటలతో వెతికినప్పుడు మన పేజీ కనిపించిందో సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం చూపిస్తుంది. "నారికేళ ఫలసాయ కాలం" అని వెతికేవారు ఉండరు కాబట్టి ప్రశ్నను అలా దిద్దకూడదు.

జవాబు రాయడంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. కొబ్బరి ప్రశ్ననే తీసుకుందాం. "మాది తాతల నాటి నర్సరీ" అని మొదలుపెడితే చదివేవారు అక్కడే వెళ్లిపోతారు. "గంగబొండం వంటి పొట్టి రకాలు సుమారు 3–4 ఏళ్లకు, పొడవు రకాలు 6–7 ఏళ్లకు కాపుకు వస్తాయి, నీరు, ఎరువు సరిగా అందకపోతే ఇంకా ఆలస్యమవుతుంది" అని మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పి, రకాల వివరాలున్న పేజీకి లింకు ఇవ్వాలి. జవాబు నాలుగైదు వాక్యాలు దాటి పెరుగుతున్నదంటే దానికి వేరే పేజీ కావాలని అర్థం.

రవాణా, చెల్లింపు, నాటడం అని శీర్షికలు పెట్టి, కొనాలా వద్దా అన్నది తేల్చే ప్రశ్నలను పైన ఉంచాలి. ఒక్క మొక్కకే చెందిన ప్రశ్న ఆ మొక్క పేజీలో ఉంటే చాలు. అదే జవాబును పది పేజీల్లో అతికించనక్కరలేదు.

ప్రశ్న మీద నొక్కితే జవాబు తెరుచుకొనే అమరిక ఫోన్‌లో చదివేవారికి అనుకూలంగా ఉంటుంది. అయితే జవాబు పేజీతోపాటే లోడ్ కావాలి. నొక్కిన తరువాతే సర్వర్ నుంచి వచ్చేటట్లు కడితే గూగుల్ దాన్ని చదవదు, ఎందుకంటే అది బటన్లు నొక్కదు.

ఎఫ్ఏక్యూ స్కీమా (పేజీలో ప్రశ్నలేవో, జవాబులేవో సెర్చ్ ఇంజన్‌కు తెలిపే కోడ్) పెట్టిస్తే గూగుల్ ఫలితాల్లోనే మన ప్రశ్నలు కనిపిస్తాయని చెప్పి డబ్బు అడిగేవారు ఇంకా ఉన్నారు. 2023 ఆగస్టులోనే గూగుల్ ఆ సదుపాయాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. ఆ ఖర్చేదో జవాబులను సరిగా రాయించడానికి పెట్టడం మంచిది.

పేజీని ఏడాదికి రెండుసార్లయినా సరిచూసుకోవాలి. తొలకరికి ముందు "ఇప్పుడు నాటవచ్చా?" అన్న ప్రశ్నను పైకి తేవాలి, ఎండాకాలంలో ఆ చోట దూర ప్రాంతాలకు మొక్కలను ఎలా కట్టి పంపుతారో చెప్పే జవాబు ఉండాలి.