బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత బొబ్బట్టు తినడం ఎలా?

కడుపును చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో ఒక పెళ్లికి వెళ్లాను. పంక్తిలో కూర్చోగానే ఆకులో మొదట పడింది బొబ్బట్టు, దాని మీద గరిటెడు నెయ్యి. ఎనిమిది నెలలుగా ముట్టనిది కదా, చుట్టూ ఎవరున్నారో చూడకుండా రెండు నిమిషాల్లో తినేశాను. పావుగంట గడిచేసరికి గుండె దడ, ఒళ్లంతా చెమట, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి. విడిది గదిలో గంటసేపు పడుకుంటే గానీ లేవలేకపోయాను. ఆ తప్పు బొబ్బట్టుది కాదు. ఖాళీ కడుపుతో, గబగబా, మొత్తం తిన్న నాది. ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు సార్లు బొబ్బట్టు తింటాను. ఏ ఇబ్బందీ రాదు.

ఇక్కడ చెప్పేవన్నీ మామూలు భోజనానికి వచ్చేసినవారికి. ద్రవాలు, మెత్తటి గుజ్జు, మెత్తటి ఆహారం అనే దశలు దాటి అక్కడికి చేరడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. తీపి, నూనె పదార్థాలు మొదలుపెట్టడానికి అంతకంటే ఎక్కువ కాలం ఆగమని చెప్పే డైటీషియన్లే ఎక్కువ. మీ సర్జన్, డైటీషియన్ సరే అన్నాకే ఇవి. మధుమేహానికి మందులు వాడుతున్నవారు ముందే తప్పనిసరిగా అడగాలి.

1. లోపల ఏం మారిందో గుర్తుంచుకోండి

స్లీవ్‌లో కడుపును నిలువుగా కోసి దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక గొట్టం. బరువు తగ్గడానికే చేసే మరో ఆపరేషన్ బైపాస్ (గుండెకు చేసేది కాదు). అందులో కడుపు పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచి మాత్రమే ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. అంటే కడుపు చివర ఆహారాన్ని కొద్దికొద్దిగా వదిలే ద్వారపాలకుడిని పక్కన పెట్టేసినట్లే. తీపి ఎక్కువగా తింటే అది ఒక్కసారిగా పేగులోకి దిగుతుంది, పేగు ఒంట్లోని నీటిని లాక్కుంటుంది. పెళ్లిలో నాకు జరిగింది అదే. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వారికి ఎక్కువ, స్లీవ్ వారికి తక్కువ, అసలు రాదని మాత్రం అనుకోవద్దు.

డంపింగ్ రెండు రకాలు. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో వచ్చేది మొదటిది. రెండోది గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది: రక్తంలో చక్కెర ఒక్కసారి పెరిగి, ఇన్సులిన్ పోటెత్తి, చక్కెర బాగా పడిపోతుంది. చేతులు వణుకుతాయి, నీరసం కమ్ముకొస్తుంది. చాలామంది దీన్ని ఆకలనుకుని మరో లడ్డూ తింటారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఇది తరచూ వస్తుంటే డాక్టర్ చూడాల్సిందే.

బెల్లంతో చేసింది కదా, తేనె కదా అని సర్దుకోవద్దు. పేగుకు అవన్నీ చక్కెరే. షుగర్ ఫ్రీ మిఠాయిల్లో కొన్నింటిలో వాడే తీపి పదార్థాలు కడుపుబ్బరం, విరేచనాలు తెస్తాయి, కాబట్టి అవీ ఎంతైనా తినొచ్చనుకోవద్దు.

2. నిజంగా ఇష్టమైనవి ఐదు రాయండి

కాగితం మీద రాయమన్నది ఊరికే కాదు. రాయబోతే తెలుస్తుంది, మనం తినేవాటిలో ఇష్టంగా తినేవి ఎన్ని తక్కువో. ఆఫీసులో టీతో పాటు వచ్చే బిస్కెట్లు, పిల్లల కంచంలో మిగిలిన చిప్స్, ఎవరి పుట్టినరోజుకో కోసిన కేకు నా జాబితాలోకి రాలేదు. అవి అలవాట్లు. నాకు మిగిలినవి బొబ్బట్టు, హలీం, గోంగూర మాంసం, మిరపకాయ బజ్జీ, ఆవకాయ అన్నం. చిన్న కడుపులో ఉన్న కాస్త చోటును ఎవరికి ఇవ్వాలన్నది అప్పుడు తేలిపోయింది. ఊరికే వచ్చిన బిస్కెట్‌ను ఇప్పుడు బాధపడకుండానే వదిలేస్తాను.

3. నోట్లో కరిగిపోయేవాటితో ఎక్కువ జాగ్రత్త

మాంసం ముక్క తింటే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లు తెలుస్తుంది. జంతికలు, మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ అలా కాదు. లాలాజలంతో మెత్తబడి జారిపోతాయి, కడుపు ఇక చాలు అని చెప్పే అవకాశమే రాదు. ఆపరేషన్ వల్ల వచ్చిన అడ్డుకట్టను ఇవి పక్కదారిన దాటేస్తాయి. బరువు మళ్లీ పెరిగినవారి కంచాలు చూస్తే కొండంత బిర్యానీ కనిపించదు, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది వరకు చేతిలో ఆడుతూ ఉండే జంతికల డబ్బా కనిపిస్తుంది.

ఆత్రేయపురం పూతరేకు ఇందుకు మంచి ఉదాహరణ. కాగితంలాంటి బియ్యపు పొర, మధ్యలో బెల్లమో చక్కెరో, నెయ్యి. నాలుక మీద పెట్టగానే మాయం. తేలికగా ఉంది కదా అని డబ్బా ముందు కూర్చుంటే మూడు పోయాక గానీ లెక్క గుర్తురాదు. ఒక్కటి తీసి, సగానికి తుంచి, డబ్బా మూసి బీరువాలో పెట్టాకే సగం నోట్లో వేసుకోండి. కాకినాడ గొట్టం కాజా సంగతి వేరు. కొరకగానే లోపలి పాకం నోట్లోకి చిమ్ముతుంది, ద్రవరూపంలో ఉన్న చక్కెర అన్నిటికంటే త్వరగా దిగుతుంది. బైపాస్ అయినవారు దాన్ని నాకే వదిలేయండి అనాలనుంది గానీ, నేనూ మానేశాను. చెరకు రసం, ఫలూదా, మిల్క్‌షేక్ కూడా ఇదే కోవలోవి.

4. పంక్తి వరుసను తిరగేయండి

మన విందులో తీపి ముందు వడ్డిస్తారు. శాస్త్రమో సంప్రదాయమో గానీ, ఆపరేషన్ అయినవారికి ఇది తలకిందులు కావాలి. ఆకులో తీపి పడనివ్వండి, పక్కకు జరిపి ఉంచండి. మొదట పప్పు, కూరలోని పనీర్ లేదా మాంసం, పెరుగు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినమంటారు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. అంటే రోజంతా శ్రద్ధ పెడితే గానీ ఆ లెక్క తేలదు. ప్రొటీన్ ముందు వెళితే తీపి పేగులోకి అంత వేగంగా దిగదు, పైగా తీపి దగ్గరికి వచ్చేసరికి చోటు తక్కువే మిగిలి ఉంటుంది. భోజనం మధ్యలో నీళ్లు తాగకండి, అయ్యాక కూడా అరగంట ఆగండి.

5. కొలత వంటింట్లోనే తేల్చండి

కంచం ముందు కూర్చున్నాక నిగ్రహం గురించి ఆలోచించడం ఆలస్యమే. మా ఇంట్లో పచ్చడికి వాడే చిన్న స్టీలు గిన్నె ఉంది, నా ఇష్టమైన పదార్థం ఏదైనా అందులోకే వస్తుంది.

బొబ్బట్టును నాలుగు ముక్కలు చేసి ఒకటి మాత్రమే తీసుకుంటాను. నెయ్యి గరిటెతో కాదు, టీ చెంచాలో సగం. ఆ ముక్కను గోరంత తుంపులు చేస్తాను. ఒక తుంపు నోట్లో పెట్టుకుని, పూర్ణం మొత్తం నాలుకకు తెలిసేవరకు నమిలి, మింగాక చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. ఏలకుల వాసన, అడుగున కాస్త మాడిన అంచు, ఇవన్నీ పూర్వం రెండు బొబ్బట్లు తిన్నప్పుడు నాకు తెలియనే లేదు. పావు ముక్కకు పది నిమిషాలు పడుతుంది.

బిర్యానీలో ముక్కలు ముందు, అన్నం తర్వాత రెండు మూడు చెంచాలు. పొడిగా ఉన్న అన్నం, నార ఉన్న మాంసం గొంతు కింద ఇరుక్కున్నట్లు నొప్పి పెడతాయి. అందుకే మాంసాన్ని గుజ్జయ్యే వరకు నమలాలి. ఆ లెక్కన రంజాన్ నెలలో హైదరాబాద్‌లో ఉన్నవారు అదృష్టవంతులు. గోధుమలు, పప్పులు, మాంసం గంటల తరబడి ఉడికి మెదిగిన హలీం చిన్న కడుపుకు బిర్యానీ కంటే సుఖం. పైన తేలే నెయ్యి మాత్రం చెంచాతో పక్కకు నెట్టేయండి, చిన్న గిన్నెతో ఆపండి. ఆవకాయ అన్నానికి వేడి అన్నం ముద్ద కడితే కష్టం, ముద్దపప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా కలుపుకోండి. బజ్జీ సగం చాలు, నూనె ఎక్కువైతే కడుపే చెబుతుంది.

గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకులు వద్దు. మద్యం ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, పూర్వం కంటే చాలా త్వరగా తలకెక్కుతుంది. మీ పాత లెక్క పనిచేయదు, బండి తాళాలు ముందే ఎవరికైనా ఇచ్చేయండి.

6. మొహమాటానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి

నాకు కడుపు కంటే చుట్టాలే కష్టమయ్యారు. "ఆ మాత్రం తింటే ఏమవుతుంది" అనే పెద్దవాళ్లకు కడుపు గొట్టం గురించి పాఠం చెప్పి లాభం లేదు. వద్దు అంటే నొచ్చుకుంటారు, బతిమాలతారు. "పిన్నీ, పావు ముక్క వేయి, మిగతాది డబ్బాలో పెట్టి ఇవ్వు, ఇంట్లో పిల్లలు తింటారు" అంటే సంతోషిస్తారు. వంట నచ్చిందన్న మాట వాళ్లకు చేరింది, ఆకు మీ ముందు ఖాళీగా ఉంది. ఆకులో అన్నం వదలకూడదని పెరిగినవాళ్లం, కాబట్టి వడ్డన దగ్గరే చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకోవాలి. పడ్డాక వదిలేయాల్సి వస్తే వదిలేయండి. మీ కడుపు చెత్తబుట్ట కాదు.

ఇంటికి తెచ్చిన డబ్బా నిజంగా పిల్లలకే వెళ్లాలి, లేదా పక్కింటికి. సంక్రాంతి అరిసెలు డ్రమ్ములో ఉంటే పావు ముక్క నియమం కనుమ దాకా కూడా నిలవదు.

7. మర్నాడు

ఎక్కువ తిన్నానని మర్నాడు ఉపవాసం చేయకండి. ప్రొటీన్ తగ్గుతుంది, సాయంత్రానికి ఆకలి రెట్టింపై జంతికల డబ్బా దగ్గరికి తీసుకెళుతుంది. మామూలు భోజనానికి తిరిగి రండి, విటమిన్ మాత్రలు మానకండి.

తిన్న కాసేపటికే వచ్చే మొదటి రకం డంపింగ్ అయితే పడుకోండి, ఇంకేమీ తినకండి, కాసేపటికి నీళ్లు గుక్కగుక్కగా తాగండి. వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా నిలవకపోయినా, తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా అరగలేదులే అని ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఎవరూ చూడకుండా తినడం, మొదలుపెడితే ఆపలేకపోవడం కనిపిస్తే అది కూడా డాక్టర్‌తో చెప్పాల్సిన విషయమే, సిగ్గుపడాల్సింది కాదు.

ఏం తిన్నారు, ఎంత, గంట తర్వాత ఎలా ఉంది అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. నా పుస్తకంలో కాజా ఎదురుగా రెండు అడ్డగీతలున్నాయి. బొబ్బట్టు ఎదురుగా ఇలా ఉంది: పావు ముక్క, పప్పు తిన్నాక, హాయి.